పాలరాయి కోసే మిషన్‌తో చెక్క కోయించకండి: ఇంటీరియర్ కాంట్రాక్టర్లకు ఒక వడ్రంగి బహిరంగ లేఖ

ఇంటీరియర్ కాంట్రాక్టర్లకు, సైట్ సూపర్‌వైజర్లకు నమస్కారం.

నేను వడ్రంగి మేస్త్రీని. బాడిశ, ఉలి, చిత్రిక పట్టడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఊళ్లో టేకు, వేగిస కర్రతో ద్వారబంధాలు, తలుపులు చేసేవాళ్లం. ఆ పని తగ్గిపోయాక హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లుగా ప్లైవుడ్ పనిలో ఉన్నాను. వార్డ్‌రోబ్‌లు, కిచెన్లు, టీవీ యూనిట్లు, పూజ గదులు చేస్తుంటాను. మీలో కొందరి దగ్గర లేబర్ రేటుకు పనిచేశాను, కొందరికి నేనే మనుషుల్ని ఇచ్చాను. మీరు తలచుకుంటే నెల రోజుల్లో మారిపోయే విషయం ఒకటుంది. మా వడ్రంగులం ఎంత అనుకున్నా దాన్ని పూర్తిగా మార్చలేం. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను.

రెండేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంట్‌లో పదో అంతస్తులో పని నడుస్తోంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది. నా దగ్గర హెల్పర్‌గా ఉన్న పందొమ్మిదేళ్ల కుర్రాడు 18 ఎంఎం ప్లై షీటును నేల మీద రెండు ఇటుకల మీద పెట్టి పొడవుకి కోస్తున్నాడు. చేతిలో ఉన్నది మార్బుల్ కట్టర్. దానికి చెక్క బ్లేడు బిగించింది నేను. మిషనూ నాదే. కుడి చేత్తో మిషన్ తోస్తూ, ఎడమ చేయి మిషన్‌కు వెనక షీటు మీద ఆనించి నొక్కి పట్టుకున్నాడు. సగం దూరం వెళ్లేసరికి షీటు మధ్యలో కుంగింది. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. మిషన్ ఒక్కసారిగా పైకి లేచి వెనక్కి దూకింది. బటన్ లాక్‌లో ఉంది కాబట్టి చేయి వదిలేసినా ఆగలేదు. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. అరుపు విని నేను పక్క గదిలోంచి వచ్చేసరికి మిషన్ ఇంకా నేల మీద తిరుగుతూనే ఉంది.

ఆ కుర్రాడికి అలా కోయడం నేర్పింది నేనే. నాకు అలా నేర్పింది ఇంకో మేస్త్రీ. ఏ సైట్‌కి వెళ్లినా అదే మిషన్, అదే పద్ధతి. అదే పని తీరు అనుకున్నాం. వేళ్లు పోయిన వాళ్లను చూసినప్పుడల్లా "చూసుకోలేదు పాపం" అనుకుని ఊరుకున్నాం.

మార్బుల్ కట్టర్ పాలరాయి, గ్రానైట్, టైల్స్ కోయడానికి చేసిన మిషన్. దాని డైమండ్ బ్లేడుకు పళ్లు ఉండవు. అది రాయిని అరగదీస్తుంది. అందుకే దానికి పైన సగం కప్పే గార్డు ఒక్కటే ఉంటుంది. కింది సగం ఎప్పుడూ బయటే ఉంటుంది. అదే మిషన్‌కు ముప్పై నలభై పళ్ల చెక్క బ్లేడు బిగిస్తే సంగతి మారిపోతుంది. పన్ను అరగదీయదు, కొరుకుతుంది. కొరికినచోట పట్టు చిక్కితే మిషన్‌నే ఎత్తి విసురుతుంది. డబ్బాలో వచ్చే పుస్తకంలో డైమండ్ బ్లేడు మాత్రమే వాడాలని రాసి ఉంటుంది. ఆ పుస్తకం చదివినవాణ్ణి నేను సైట్ మీద ఒక్కణ్ణి కూడా చూడలేదు. నేనూ ఆ కుర్రాడికి దెబ్బ తగిలాకే చదివాను.

వేగం సంగతి కూడా చూడండి. 110 ఎంఎం మార్బుల్ కట్టర్ నిమిషానికి 12 వేల నుంచి 13 వేల చుట్లు తిరుగుతుంది. 13 వేల లెక్కన వేసుకుంటే బ్లేడు అంచు గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. చెక్క కోసం చేసిన 185 ఎంఎం సర్క్యులర్ సా, అంటే మనవాళ్లు ఏడించుల కట్టర్ అనేది, నిమిషానికి ఐదువేల ఐదువందల చుట్ల దగ్గర తిరుగుతుంది. దాని అంచు వేగం 190 చిల్లర. చూడటానికి చిన్నగా, తేలిగ్గా, ఒంటి చేత్తో పట్టుకునేంత ఉంది కాబట్టి మార్బుల్ కట్టర్‌తో ప్రమాదం తక్కువ అనుకుంటాం. ఆ ఒంటి చేయే అసలు ప్రమాదం. రెండో చేయి ఖాళీగా ఉంటే అది చెక్క మీదికే పోతుంది. సర్క్యులర్ సాకి వెనక ఒక పిడి, ముందు ఒక పిడి ఉంటాయి. రెండు చేతులూ మిషన్ మీద ఉంటే బ్లేడు కిందికి వెళ్లడానికి ఇంకో చేయి ఉండదు.

సర్క్యులర్ సాకి ఉన్న అసలు గొప్పదనం కింది గార్డు. స్ప్రింగుతో ఉన్న అర్ధచంద్రం ముక్క అది. చెక్క అంచు తగలగానే వెనక్కి జరిగి బ్లేడుకు దారి ఇస్తుంది, కోత అయిపోయి మిషన్ బయటికి రాగానే టక్కున మూసుకుంటుంది. స్విచ్ వదిలాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతుంది. ఆ కాసేపటిలో మిషన్ నేల మీద పెట్టినా, తొడకు ఆనినా, వైరు మీద పడినా బ్లేడుకూ మనిషికీ అడ్డుగా ఉండేది ఆ ముక్కే. గార్డు మూసుకోని మిషన్‌ను తిరుగుతుండగా నేల మీద పెడితే అది తనంతట తాను వెనక్కి పాకుతూ దారిలో ఉన్నదాన్నల్లా కోసుకుంటూ పోతుంది. నేను చూశాను. టైల్స్ మీద గీత పడింది, కాలికి మిషన్‌కు మధ్య జానెడు దూరం మిగిలింది.

అయితే సర్క్యులర్ సా కొనిచ్చినంత మాత్రాన సరిపోదు. మావాళ్లు ఆ గార్డును కట్టేస్తారు. బైండింగ్ వైరుతో కట్టేస్తారు, సందులో చెక్క చీలిక దిగ్గొడతారు. దీనికి కారణం ఉంది. సన్న బీడింగ్, అంటే అంచులకు వేసే చెక్క పట్టీ కోసేటప్పుడు, ఏటవాలు కోత కోసేటప్పుడు గార్డు అంచుకు తట్టుకుని ఆగుతుంది. గీత తప్పుతుంది. ప్లై జిగురు, పొట్టు కలిసి గడ్డకట్టి స్ప్రింగు దగ్గర పేరుకుపోతే గార్డు సగంలోనే ఉండిపోతుంది. చదరపు అడుగు లెక్కన కూలి తీసుకునేవాడు రోజుకు ఇరవైసార్లు దాంతో కుస్తీ పడలేడు. కట్టేస్తాడు. కట్టేసిన గార్డు ఉన్న సర్క్యులర్ సా మార్బుల్ కట్టర్ కంటే పెద్ద కత్తి, అంతే.

దీనికి మందు చాలా చిన్నది. గార్డుకు పక్కన ఒక చిన్న పిడి ఉంటుంది. ఏటవాలు కోతకో, షీటు మధ్యలో బ్లేడు దించడానికో ఆ పిడితో గార్డు ఎత్తి, బ్లేడు చెక్కలోకి దిగగానే వదిలేయాలి. మిగతా అన్ని కోతలకూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పొద్దున పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకి, పాత టూత్‌బ్రష్‌తో పొట్టు దులిపి, గార్డు ఎత్తి వదలాలి. బ్లేడు ఏ వాలులో ఉన్నా, ఎంత లోతుకు దించినా అది టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తే స్ప్రింగు పోయినట్టు. స్ప్రింగు మార్చేదాకా ఆ మిషన్ పక్కన పెట్టాలి. సూపర్‌వైజర్ గారూ, మీరు పొద్దున సైట్‌కి రాగానే ఫొటోలు తీస్తారు, గ్రూపులో పెడతారు. ఆ ఫొటోల్లో మిషన్ గార్డు కూడా ఉండేలా ఒక్కటి తీయండి. వైరు కట్టి ఉంటే ఫొటోలోనే కనిపిస్తుంది.

ఇక బోర్లించిన మిషన్. మీ సైట్లలో చాలాచోట్ల ప్లై ముక్కకు సందు కోసి, కింద మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా స్క్రూలతో బిగించి, బ్లేడు పైకి వచ్చేలా చేసి దాన్నే టేబుల్ అంటాం. బటన్ లాక్ చేసి ఉంటుంది. ఆపాలంటే గోడ దగ్గరున్న స్విచ్ దాకా వెళ్లాలి, లేదా వైరు లాగాలి. బ్లేడు మీద ఏ మూతా లేదు. కోసిన చెక్క మూసుకోకుండా బ్లేడు వెనక నిలబడే పలక లేదు. సన్న పట్టీలు కోయడానికి దాన్ని చేస్తారు, అంటే వేళ్లు బ్లేడుకు అంగుళం దూరంలో ఉండే పనికే దాన్ని వాడతారు. ఇంకోవైపు ఇనుము కోసే నాలుగించుల గ్రైండర్‌కు గార్డు విప్పేసి చెక్క బ్లేడు బిగించేవాళ్లు కూడా ఉన్నారు. ఈ రెండిట్లో ఏది కనిపించినా, ఆ పూట పని ఆగినా సరే, విప్పించేయండి. రాణీగంజ్‌లో టూల్స్ అమ్మే అన్నలకు కూడా ఒక మాట. మార్బుల్ కట్టర్ కొనేవాణ్ణి ఏం కోస్తావని అడగండి. చెక్క అంటే పక్కనున్న మిషన్ చూపించండి.

బ్లేడు చెక్కలో పట్టేయడం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మా కుర్రాడి వేళ్లు తీసింది అదే. ఎనిమిది అడుగుల షీటును రెండు చివర్లలో ఇటుకలు పెట్టి కోస్తే, కోత ముందుకు వెళ్లేకొద్దీ మధ్యభాగం బలం తగ్గి కిందికి వంగుతుంది. పై అంచులు రెండూ దగ్గరికి వచ్చి బ్లేడును దవడల్లా పట్టుకుంటాయి. సర్క్యులర్ సా అయినా ఇదే జరుగుతుంది. మంచి మిషన్ ఉంటే ఇది జరగదని నేను చెప్పను. దీనికి విరుగుడు ఆనింపు. గీతకు అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు రీపర్లు, అంటే పొడవాటి చెక్క పట్టీలు, షీటు కింద పొడవునా వేయాలి. కోత పూర్తయ్యాక రెండు ముక్కలూ ఉన్నచోటే పడుకుని ఉండాలి, ఏదీ వేలాడకూడదు, ఏదీ విరిగి పడకూడదు. బ్లేడు లోతు చెక్క మందం కంటే ఒక పన్ను ఎత్తుకు లోపే ఎక్కువ ఉండాలి. 18 ఎంఎం ప్లైకి 21, 22 ఎంఎం చాలు. పూర్తిగా దించేసి కోస్తే బ్లేడు ఎక్కువ భాగం చెక్కలో ఇరుక్కుంటుంది, కింద ఏముంటే దాన్నీ కోస్తుంది. గీత వెంట అల్యూమినియం ఛానల్ పెట్టి రెండు చివరలా సి క్లాంపులు బిగిస్తే మిషన్ వంకర పోదు. వంకర పోవడం కూడా బ్లేడు పట్టేయడానికి ఒక కారణమే. మనిషి బ్లేడు వరుసలో కాకుండా ఒక పక్కకు ఉండాలి. మధ్యలో మిషన్ మొరాయిస్తే వెనక్కి లాగకూడదు. స్విచ్ వదిలి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా మిషన్‌ను చెక్కలోనే కదలకుండా పట్టుకోవాలి.

మనం నేల మీద గొంతుక్కూర్చుని, షీటు మీద ఒక కాలు వేసి కోస్తాం. అలా కూర్చున్నవాడి తొడ సరిగ్గా మిషన్ వెనక ఉంటుంది. తొడ లోపలి రక్తనాళం తెగితే ఆసుపత్రికి చేరే సమయం కూడా ఉండదు. నడుము ఎత్తు బల్ల ఒకటి వేయించండి. రెండు గుర్రాలు, అంటే కాళ్లున్న చెక్క స్టాండ్లు, పైన పాత ఫ్లష్ డోర్, దాని మీద రీపర్లు ఉంటే చాలు. మీ సైట్లో మిగిలిపోయిన సామానుతోనే గంటలో తయారవుతుంది. నడుం నొప్పి కూడా తగ్గుతుందని మా నలభై దాటిన వాళ్లు అంటున్నారు.

డబ్బు విషయానికి వస్తాను. మంచి సర్క్యులర్ సా ధర మార్బుల్ కట్టర్ కంటే రెట్టింపు, కొన్ని మోడళ్లకు ఇంకొంచెం ఎక్కువ. మీరు ఒక త్రీ బీహెచ్‌కే ఇంటీరియర్‌కి వేసే కొటేషన్‌లో హ్యాండిళ్ల ఖర్చు కంటే ఇది తక్కువ. కానీ మిషన్ మావాళ్లే తెచ్చుకోవాలన్నది మీ పద్ధతి. సొంత డబ్బుతో కొనేవాడు ఒక్క మిషన్‌తో టైల్ పనీ, చెక్క పనీ అయ్యేది కొంటాడు. అతణ్ణి తప్పుపట్టలేను, నేనూ అదే చేశాను. మిషన్ మీరు కొనండి. బ్లేడ్లు మీరు ఇవ్వండి. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే మాడు వాసన వస్తుంది, పొగ వస్తుంది, కుర్రాళ్లు ఇంకా గట్టిగా తోస్తారు. బ్లేడు మార్చాలంటే సొంత జేబు చూసుకోవాల్సి వచ్చినంత కాలం ఎవరూ సమయానికి మార్చరు. బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. కొనేటప్పుడు అదొక్కటి చూసుకోండి.

గడువు మాట కూడా. ముహూర్తం తేదీ ఇంటివాళ్లు పెడతారు, ఆర్నెల్ల ముందే పెడతారు. మెటీరియల్ ఆలస్యమైన పది రోజులు మీరు మా పని రోజుల్లోంచి కోసేస్తారు. చివరి వారం రాత్రి పదకొండింటికి, ఒక్క బల్బు వెలుగులో, నిద్ర లేని కళ్లతో కోస్తాం. మా కుర్రాడికి దెబ్బ తగిలింది రాత్రి తొమ్మిదిన్నరకు. రాత్రి భోజనాల తర్వాత కోత మిషన్ నడపకూడదని ఒక నియమం పెట్టండి. సన్‌మైకా అతికించుకోవచ్చు, హింజీలు బిగించుకోవచ్చు, ఆ వేళ చేసే పనులు చాలా ఉన్నాయి.

కళ్లద్దాలు, మాస్కులు కూడా ఇవ్వండి. చెక్క పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. ప్లై, ఎండీఎఫ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌నూ అదే జాబితాలో పెట్టింది. భుజం మీద తువ్వాలు, వదులు చొక్కా మిషన్ దగ్గర వద్దని చెప్పండి. ప్లగ్ లేకుండా రెండు వైర్లు సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లలు దూర్చే పద్ధతి కనిపిస్తే అక్కడే ఆపించండి. ఈ మాటలు హిందీలో కూడా చెప్పాలి. ఇప్పుడు మీ సైట్లలో కోసేవాళ్లలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగులో అరిస్తే భయపడతారు కానీ విషయం అర్థం కాదు.

ఆ రాత్రి మేం చేసిన ఇంకో తప్పు చెప్పాలి, ఇది చదివే ఎవరికైనా పనికొస్తుంది. తెగిన వేళ్లను కింద కిరాణా కొట్లో ఐస్ తెచ్చి, నేరుగా ఐస్ ముక్కల్లో ముంచి తీసుకెళ్లాం. మంచి పని చేశామనుకున్నాం. ఐస్ నేరుగా తగిలితే కండ చచ్చిపోతుందని డాక్టర్ చెప్పారు. తెగిన వేలిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో ఉన్న ఐస్ నీళ్లలో పెట్టాలి. చేతి మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ పెట్టకూడదు. 108కి ఫోన్ చేసేటప్పుడే వేలు తెగిందని చెప్పాలి. వేళ్లు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రి సైట్‌కి దగ్గరలో ఏదో పని మొదలయ్యే రోజే తెలుసుకుని గోడ మీద రాసి పెట్టండి. మేం ముందు ఒక ఆసుపత్రికి, అక్కడ ఆ డాక్టర్ లేక ఇంకో ఆసుపత్రికి తిరిగాం. గంటన్నర పోయింది.

1923లో వచ్చి, 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న కార్మిక పరిహార చట్టం వెనక ఒక పట్టిక ఉండేది. ఒక వకీలు గారు నాకు చూపించారు. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడు వేలు మొత్తం పోతే 14. మధ్య వేలు 12. ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20. నాలుగూ పోతే 50. మధ్యలో నాలాంటి మేస్త్రీ ఉన్నంత మాత్రాన పని అప్పగించిన వ్యాపారి బాధ్యత పోదని కూడా ఆ చట్టంలోనే ఉండేదట. మా కుర్రాడికి ఆ 20 శాతం లెక్క కూడా దక్కలేదు. హాజరు పుస్తకం లేదు, జీతం రసీదు లేదు, ఏ కాగితం మీదా వాడి పేరు లేదు. ఆసుపత్రి ఖర్చు నేను కొంత పెట్టాను, ఆ కాంట్రాక్టర్ కొంత ఇచ్చి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. వాడు ఎడమ చేత్తో ఉలి పట్టుకుని కుడి చేత్తో సుత్తి కొట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. ఉలిని నిలబెట్టేది చూపుడు వేలు, మధ్య వేలే. ఇప్పుడు షీట్లు మోస్తున్నాడు, సన్‌మైకాకు ఫెవికాల్ పూస్తున్నాడు. చెయ్యి జేబులో పెట్టుకుని ఫొటో దిగుతాడు. వాడికి వచ్చిన నష్టం 20 శాతమని నా నోటితో నేను అనలేను.

మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషి పేరూ, పని మొదలుపెట్టిన తేదీ, ఇచ్చిన డబ్బు ఒక పుస్తకంలో రాయండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. వడ్రంగులు కూడా అందులోకి వస్తారు. పని చేసినట్టు మీరు ఒక కాగితం ఇస్తే ఆ పని సులువవుతుంది. అడిగితే మీలో చాలామంది ఆ కాగితం ఇవ్వరు. ఎందుకివ్వరో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఆ రాత్రి తర్వాత నా దగ్గరున్న రెండు మార్బుల్ కట్టర్లకూ చెక్క బ్లేడ్లు తీసేశాను. ఒకటి టైల్ పని చేసే స్నేహితుడికి ఇచ్చాను. అప్పు చేసి రెండు సర్క్యులర్ సాలు కొన్నాను. మొదటి నెల పని నెమ్మదించింది, నిజమే. బల్ల, ఛానల్, క్లాంపులు అలవాటయ్యాక కోతలు తిన్నగా వస్తున్నాయి, అంచులకు చిత్రిక పట్టే పని తగ్గింది. బ్లేడు పళ్లు కింది నుంచి పైకి కొరుకుతాయి కాబట్టి మంచి ముఖం కిందికి పెట్టి కోస్తాం, సన్‌మైకా పెచ్చులు లేవడం దాదాపు పోయింది. ఇప్పుడు వెనకటి కంటే వేగంగానే చేస్తున్నాం.

ఆదివారాలు నాకు పని ఉండదు. మీ సైట్ నగరంలో ఎక్కడున్నా పిలవండి. నా మిషన్ నేనే తెచ్చుకుంటాను. గార్డు ఎలా శుభ్రం చేయాలో, రీపర్లు ఎలా వేయాలో, రెండు చేతులతో ఎలా కోయాలో మీ కుర్రాళ్లకు కోసి చూపిస్తాను. డబ్బులు అక్కర్లేదు. వస్తానంటే మా కుర్రాణ్ణి కూడా తీసుకొస్తాను. వాడు రానంటే బలవంతం చేయను.

ఇట్లు,
ఒక వడ్రంగి మేస్త్రీ,
హైదరాబాద్